గోడకి కాదు, దుంగకి

జూన్ 4

గువ్వా,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక ఇదే మొదటి ఉత్తరం. మీ ఆనకట్ట పని దగ్గర ఫోను పలకదనీ, సామాన్ల లారీలో వారానికోసారి ఉత్తరాలు వస్తాయనీ అన్నావు కదా, అందుకని రాస్తున్నాను. నా రాత నీకు తెలుసు, కోడి గీకినట్టుంటుంది. మూడో తరగతి చదువుకి ఇంతకంటే రాదు. ఓపిగ్గా చదువుకో.

సంగతేమిటంటే, బస్టాండులో నువ్వొక మాట చెప్పావు. అన్నయ్య షెడ్డులో ఉన్న పాత మోటారు రంపాలన్నీ ఆ కొత్త హోటలాయన తీసుకుంటానన్నాడని, నువ్వు మాటిచ్చేశావని, ఆయన వాటికి రంగులేయించి భోజనాల గదిలో గోడకి వేలాడదీస్తాడని. నేను తలూపాను. గువ్వా, ఆ వారమంతా ఎవరేమన్నా తలూపాను. మంచినీళ్ళు తాగుతావా అన్నా ఊపాను, నీ కొడుకు పోయాడమ్మా అన్నా ఊపాను. ఆ ఊపుళ్ళు లెక్కలోకి రావు. ఇప్పుడు తల కాస్త స్థిమితపడింది. ఇప్పుడు అడ్డంగా ఊపుతున్నాను. రంపాలు ఇవ్వను.

నిన్న షెడ్డు తలుపు తీశాను. లోపల వాడి వాసనే. పెట్రోలూ, రంపపు పొట్టూ, చెమటా కలిసిన వాసన. ఆకురాయి వాడు పెట్టినచోటే ఉంది. గొలుసు సగం పళ్ళకి పదును పెట్టి, మిగతా సగం వచ్చాక పెడదామని వెళ్ళినట్టున్నాడు. రాలేదు. ఆ సగం నేను కూచుని పెట్టాను. ఒకటి మాత్రం వంకర పోయింది, మిగతావి బాగానే వచ్చాయి.

బల్ల మీద అందరూ ఉన్నారు, వాడు పేర్లు పెట్టుకున్న రంపాలన్నీ. రెండు చేతులతో గానీ లేవని ముసలోడు, వాళ్ళూ వీళ్ళూ మోజుపడే ఎర్రది, చిన్నదైనా చెవులు తూట్లుపొడిచే కందిరీగ, చలికాలం స్టార్ట్ కావాలంటే బతిమాలించుకునే దగ్గులమారి. చివర్న వణుకుడు. దాన్ని స్టార్ట్ చేస్తే బల్ల మీద గ్లాసులు నడుచుకుంటూ వెళ్ళి కింద పడేవి, గుర్తుందా. పెట్రోలు పోసి ఊరికే వదిలేస్తే లోపల జిగురు కడుతుంది. మనుషులకైనా అంతే అనుకో.

మా ఇద్దరి పని ఎలా నడిచేదో నీకు తెలుసు. వాడికి చెవులు సరిగ్గా వినిపించవు. షెడ్డులో వాడు ఇంజనుకి పెట్రోలు పెంచీ తగ్గించే కార్బొరేటరు స్క్రూ తిప్పితే, వంటగదిలో నేను వినేదాన్ని. కిటికీలోంచి నా చెయ్యి చూసేవాడు. చెయ్యి పైకెత్తితే ఇంకా తిప్పు, కిందికి దించితే వెనక్కి తిప్పు, పిడికిలి బిగిస్తే అంతే, ఇక ముట్టుకోకు. వాడివి చేతులు, నావి చెవులు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు. ఇప్పుడు సగం మెకానిక్కు మిగిలింది. మిగతా సగం నేనే నేర్చుకుంటాను. అన్నీ మళ్ళీ తిరగాలి, అన్నీ మళ్ళీ కోయాలి.

హోటలాయనకి రావొద్దని నువ్వే చెప్పు. మాటిచ్చింది నువ్వు.

మీ అమ్మ


జూన్ 12

అమ్మా,

నీ ఉత్తరం సిమెంటు బస్తాల మధ్య నలిగి వచ్చింది. క్రేను కేబిన్‌లో కూచుని చదివాను. కింద మేస్త్రి ఈల వేస్తున్నాడు, దూలం గాల్లో వేలాడుతోంది, నేను నీ కోడిగీతలు చదువుతున్నాను. తర్వాత వాడితో తిట్లు తిన్నాను.

హోటలాయనకి నేను చెప్పను. కోపం తెచ్చుకోకుండా విను.

పక్కింటి దర్జీ బాబాయ్ ఉత్తరం రాశాడు. పొద్దున్నే షెడ్డు ముందు రంపం స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడుతున్నావట. "వదినని చూడలేకపోతున్నానమ్మా" అని రాశాడు. ఇది రంపాలు బాగుచేయడం కాదమ్మా, గాయాన్ని గోక్కోవడం.

ఇంకొక మాట ఇన్నాళ్ళూ మింగుకున్నాను. నాకు ఆ రంపాలంటే అసహ్యం. అన్నయ్య చెవులు అవే తిన్నాయి. వాడే చెప్పేవాడు కదా, "ఇదిగో నా జీతం" అని చెవి మడిచి చూపించి నవ్వేవాడు. వాడికి చెవులుంటే ఆ రోజు రోడ్డు మీద వెనక లారీ వస్తున్న చప్పుడు వినేవాడు. పక్కకి జరిగేవాడు. ఇప్పుడు నా ఉత్తరం నువ్వు కాదు, వాడు చదివి, తప్పులు దిద్ది, నన్ను ఏడిపించేవాడు.

వాటిని గోడకి కొట్టేస్తే మేలు. మేకులు నేను పట్టుకుంటాను.

నాకు ఇక్కడ రెండు గదుల క్వార్టర్సు ఇచ్చారు. వచ్చెయ్యి. ఇక్కడ మనుషులున్నారు. అక్కడ ఇనుముతో మాట్లాడుకుంటూ ఎన్నాళ్ళుంటావు.

నీ గువ్వ


జూన్ 19

గువ్వా,

నా మీద గూఢచారిని పెట్టావా. అదీ దర్జీని. వాడు పది జాకెట్లు కొలతలు తప్పకుండా కుట్టలేడు, వాడు నా కన్నీళ్ళు కొలుస్తాడా. పిలిచి అడిగాను.

"ఏమయ్యా, నేను ఏడుస్తున్నానని రాశావట."

"మరి కళ్ళ వెంట నీళ్ళు కారాయిగా వదినా."

"నువ్వొచ్చి ఆ సైలెన్సరు ముందు నిలబడు, నీకూ కారతాయి."

నిలబెట్టాను. ముసలోడిని స్టార్ట్ చేశాను. పొగ వాడి మొహాన కొట్టింది, ముక్కూ కళ్ళూ కారిపోయాయి. "ఇప్పుడు నీ మీద నేనూ ఉత్తరం రాయనా" అన్నాను. కళ్ళు మూసుకునేది వినడానికి. కళ్ళు తెరిచి ఉంటే సగం చెవి చూపులోకి పోతుంది. ఏడవాలంటే నాకు ఇంట్లో చోటు లేక షెడ్డు ముందు ఏడుస్తానా. ఏడుస్తాను, లోపల ఏడుస్తాను, నువ్వు పెట్టిన కాపలావాడికి కనపడకుండా.

చెవుల గురించి నువ్వు రాసింది చదివాను. దానికి జవాబు ఉంది. ఈ ఉత్తరంలో రాయలేను. ఎందుకంటే ఇవాళ వణుకుడుని కాల్చేశాను.

అవును, నేనే. స్క్రూ లోపలికి తిప్పుతుంటే శబ్దం నునుపుగా అవుతోంది. గరగర పోతోంది. ఇంకొంచెం తిప్పాను. వంటగదిలో నాకు వినిపించే ఆ మెత్తని శబ్దం దగ్గరికి వచ్చిందనుకున్నాను. సంబరపడి దుంగలోకి దింపాను. పాడుతూ పాడుతూ కీచుమని అరిచి బిగుసుకుపోయింది. తాడు లాగితే రాలేదు. విప్పి చూస్తే పిస్టను ఒక పక్కంతా గీరుకుపోయి ఉంది, పిల్లి రక్కినట్టు. పెట్రోలు చాలక వేడెక్కి పట్టేసింది. పెట్రోలు తగ్గితే నునుపు, ఆ నునుపే చావు అని నాకు తెలియాలి. ఇన్నేళ్ళు విన్నదాన్ని, ఎలా మోసపోయానో అర్థం కావడం లేదు. నా చెవి నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

మిగతావాటి జోలికి పోలేదు. అన్నీ ఆపేసి కూచున్నాను. హోటలాయనకి చెప్పావా.

మీ అమ్మ


జూన్ 26

అమ్మా,

చెప్పాను. వచ్చే నెల రెండో ఆదివారం వచ్చి అన్నీ తీసుకెళ్ళమని చెప్పాను. పోయిన లారీలోనే రాశాను, వస్తానని జవాబు కూడా వచ్చింది.

తిట్టుకో. కానీ నేనిక్కడ చేతులు కట్టుకుని కూచోలేను. కాలిపోయింది, బిగుసుకుపోయింది అని రాస్తావు. రేపు గొలుసు తెగి మొహాన కొట్టిందని దర్జీ బాబాయ్ రాస్తే నేను ఏ లారీ పట్టుకుని రావాలి. ఒక్కరిని పోగొట్టుకున్న ఇంట్లో ఇంకొకరిని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

ముసలోడట, కందిరీగట, వణుకుడట. పేర్లు పెట్టుకుని పెంచుకుంటారా వాటిని. మనిషిని మింగినదాన్ని ముద్దుచేస్తారా ఎక్కడైనా.

నేను ఇక్కడ కింద ఎవరైనా ఈల వేసిన ప్రతిసారీ అనుకుంటాను, అన్నయ్యకి ఇది వినపడదు కదా అని. రోజుకి ఎన్ని ఈలలు వేస్తారో నీకు తెలియదు.

ఆదివారం ఆయన వచ్చినప్పుడు గొడవ పెట్టుకోకు. తలుపు తీసి పక్కకి జరుగు, చాలు.

గువ్వ


జూలై 3

గువ్వా,

పక్కకి జరగను. ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతావి రాస్తాను. ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, దూలం గాల్లో లేనప్పుడు చదువు.

మీ అన్నయ్య చెవులు రంపాలు తినలేదు. నువ్వు పుట్టకముందు, వాడు ఇంకా బడికి పోని వయసులో, పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. డాక్టరు వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. వాడు తిరగలేదు. నేను అక్కడే ఉన్నాను. సగం ఉందన్నాడు, ఆ సగమూ ఏటేటా తగ్గుతుందన్నాడు. తగ్గింది. నీకు ఊహ తెలిసేసరికి వాడు పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చేశాడు. నీకు తేడా తెలియలేదు.

మరి రంపాలు తిన్నాయని ఎందుకు చెప్పాడంటావా. వాడే నాతో అన్నాడు, "అమ్మా, పనిలో పోయాయంటే మర్యాద, జ్వరంలో పోయాయంటే జాలి. నాకు జాలి వద్దు." వాడి మాట వాడిది, నేను కాదనలేదు. ఇప్పుడు ఆ మాట అడ్డం పెట్టుకుని నువ్వు వాడి రంపాలకి ఉరేస్తుంటే ఊరుకోలేను, అందుకని చెబుతున్నాను.

రంపాలు అసలేమీ చెయ్యలేదని అనను. మిగిలిన కాస్తా కూస్తా అవి కూడా కొరికి ఉండొచ్చు. కానీ అవి ఇచ్చింది విను. కోత మిల్లులో పనికి చేరిన కొత్తలో ఒక పాత రంపం వాడి చేతికిచ్చారు. ఇంటికొచ్చి అరచేతులు నా ముందు పెట్టి, "అమ్మా, ఇది నాకు వినిపించింది" అన్నాడు. చేతుల్లో, మోచేతుల్లో, ఎముకల్లో వినిపించిందట. ఆ రోజు వాడి మొహం నువ్వు చూడలేదు. నేను చూశాను. అందరూ కొత్త రంపాలు కొనుక్కుంటుంటే వాడు పాతవి ఎందుకు పోగేశాడనుకున్నావు. కొత్తవాటికి పిడికీ ఇంజనుకీ మధ్య రబ్బరు ముక్కలు పెడతారు, చేతులకి అదురు తెలియకుండా. అందరికీ అది సుఖం. వాడు పట్టుకుని చూసి, "చచ్చిన చేపని పట్టుకున్నట్టుంది" అని తిరిగిచ్చేశాడు. పాతవాటిలో రబ్బరు లేదు. ఉన్నదంతా చేతికి చెబుతాయి. వాడికి ఇష్టమైనది ముసలోడని మిల్లులో అందరూ అనుకుంటారు. కాదు. వణుకుడు. ఎవరూ అరగంట పట్టుకోలేని వణుకుడు. అన్నిటికంటే గట్టిగా మాట్లాడేది అదే కదా వాడితో.

లారీ సంగతి. ఆ డ్రైవరు హారను కొట్టాడో లేదో వాడికే తెలియాలి. రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నవాళ్ళు కూడా లారీల కింద పడుతున్నారమ్మా. నీకు ఎవరినో ఒకరిని నిలబెట్టి తిట్టాలని ఉంది. నాకూ ఉంది. తిట్టుకుందాం, నేనూ కలుస్తాను. రంపాలని మాత్రం కాదు.

ఇక వణుకుడు. నా చెవి ఎందుకు మోసపోయిందో తెలిసింది. తెలియజేసింది నీ గూఢచారే. మొన్న దర్జీ పరామర్శకి వచ్చాడు. నేను చేతులు కడుక్కుందామని వంటగదిలోకి వెళ్ళాను. ఊరుకోలేక ఎర్రదాని తాడు లాగాడు. అది స్టార్టయింది. వణుకుడు కంటే ముందు నేనే సరిచేసి పెట్టిన ఎర్రది, షెడ్డులో అంత నునుపుగా వినిపించినది, వంటగదిలోంచి వింటే దోమలా ఉంది. సన్నగా, ఆకలితో ఏడ్చినట్టు. నీళ్ళు వదిలేసి బయటికి పరిగెత్తి ఆపేశాను. దర్జీ హడలిపోయి, "నేనేం ముట్టుకోలేదు వదినా, తాడే లాగాను" అంటున్నాడు.

గువ్వా, ఇన్నేళ్ళూ నేను గోడ అవతల నుంచి విన్నాను. పొగ రాకుండా కిటికీ అద్దం మూసి విన్నాను. గోడా అద్దమూ గరుకంతా వడకట్టి నాకు మెత్తన మాత్రమే ఇచ్చేవి. ఆ మెత్తన కోసం షెడ్డులో నిలబడి వెతికాను. ఎదురుగా నిలబడి వింటే మంచి రంపం గరగరలాడాలి. ఖాళీగా తిరిగేటప్పుడు గొణగాలి, దుంగలో దిగగానే గొణుగుడు మానాలి. అన్నయ్య అనేవాడు కదా, పని లేనప్పుడు గొణుక్కుని పని దొరగ్గానే నోరు మూసుకునేదే మంచిదని. అది తెలిసీ దగ్గరగా వింటే జబ్బనుకున్నాను. జబ్బు కాదు, ఆరోగ్యం అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

అందుకని దర్జీని స్క్రూ దగ్గర నిలబెట్టి, నేను వంటగదిలోకి వెళ్ళి, అద్దం మూసి, చెయ్యి చూపించాను. మొదట చెయ్యి పైకెత్తితే నమస్కారమనుకుని వాడూ చెయ్యెత్తాడు. సాయంత్రానికి పట్టుకున్నాడు. "సూదిలో దారం ఎక్కించినట్టే ఉంది వదినా, చెయ్యి బరువుండకూడదు" అంటున్నాడు. వాడి కొలతలు జాకెట్లకి పనికిరాకపోయినా కార్బొరేటర్లకి పనికొస్తాయి. ఒక్కోదాన్ని నేను లోపలి నుంచి సరిచేయించి, తర్వాత దగ్గరికి వెళ్ళి నిలబడి, ఆ గరుకు ఎలా ఉందో చెవికి నేర్పిస్తున్నాను. ఇంకొన్నాళ్ళకి గోడ అక్కర్లేదు.

వణుకుడుని కూడా వదల్లేదు. సిలిండరు గోడకి అంటుకున్న పిస్టను లోహాన్ని ఆసిడ్డులో దూది ముంచి కొంచెం కొంచెంగా కరిగించాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నానులే, దర్జీ ఉత్తరం రాయక్కర్లేదు. అన్నయ్య సామాన్లలో ఇంకో పాత పిస్టను గుడ్డలో చుట్టి ఉంది. పిస్టను చుట్టూ రింగులు ఎక్కించేటప్పుడు ఒకటి విరిచాను, దాని బదులు ఇంకోటి జాగ్రత్తగా ఎక్కించాను. ఇంకా స్టార్ట్ చెయ్యలేదు.

ఆదివారం నీ హోటలాయన వస్తాడు. రానీ.

మీ అమ్మ


జూలై 11

అమ్మా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకెందుకు చెప్పలేదని నీ మీద కోపం వచ్చింది, వాడి మీద వచ్చింది, తర్వాత దేని మీదా నిలబడలేదు. ఇవాళ దూలాలన్నీ దించేశాక కేబిన్‌లో చెవుల్లో దూది కుక్కుకుని లీవరు మీద అరచేయి పెట్టి కూచున్నాను. ఇంజను చేతిలోకి వచ్చింది. వైరు బిగుసుకోవడం, వదులవడం అన్నీ తెలిశాయి. నేనూ ఇన్నాళ్ళు చేత్తోనే వింటున్నానమ్మా, నాకు తెలియలేదంతే. కింద మేస్త్రి ఎంతసేపు ఈల వేశాడో. మళ్ళీ తిట్లు.

హోటలాయనకి నా మాట వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. కానీ లారీ సోమవారం గానీ కదలదు, ఆదివారానికి అది అందదు. ఆయన వచ్చేస్తాడు. నా మూలంగా నువ్వు ఒక్కదానివీ ఆయన ముందు నిలబడాలి. ఇదీ అప్పటికి అందదని తెలిసీ రాస్తున్నాను, తలుపు తీయకు. ఇంట్లో లేనట్టు ఉండిపో.

గువ్వ


జూలై 20

గువ్వా,

తలుపు తీశాను. నా ఇంట్లో నేను లేనట్టు ఉండడమేమిటి. నీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హోటలాయన వ్యాను వేసుకుని, ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చెప్పులు బయట విప్పాడు, పరామర్శ మాటలు చెప్పాడు. షెడ్డులోకి వచ్చి ఎర్రదాన్ని నిమిరి, "ఇది మధ్యలో పెడతానమ్మా, లైటు వేయిస్తాను" అన్నాడు.

"ఇవ్వనండీ" అన్నాను.

"మీ అమ్మాయి మాటిచ్చిందమ్మా."

"మాట మా అమ్మాయిది. రంపాలు నావి."

"కొడుకుని తలుచుకుని బాధపడుతున్నారు, అర్థమైంది. గోడ మీద ఉంటే పదిమందీ చూస్తారు. కింద మీవాడి పేరు రాయిస్తాను."

"మావాడు చూడ్డానికి పోగెయ్యలేదండీ, కోయడానికి పోగేశాడు. పెట్రోలు లేని రంపం బొమ్మ. మీ గోడకి కావలసింది బొమ్మ. వడ్రంగి చేత చెక్కతో చేయించుకోండి, బరువూ తక్కువ, మేకులూ ఊడవు."

దర్జీ వెనకనుంచి ఫక్కున నవ్వాడు. ఆయనకి కోపం వచ్చింది. "ఈ వయసులో మీకెందుకమ్మా ఈ చప్పుడు, ఈ మసి. ప్రశాంతంగా ఉండొచ్చు కదా" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. వణుకుడుని తీసి నేల మీద పెట్టి, పిడి మీద కాలు వేసి తొక్కిపట్టి తాడు లాగాను. మార్చిన పిస్టనుతో అంతవరకూ స్టార్ట్ చెయ్యలేదని నీకు రాశాను కదా. మొదటిసారి దగ్గింది. రెండోసారీ దగ్గింది. ఆయన వ్యాను మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పట్టుకుంది ఇంకోసారికి. గరగరమంది. నేను వంటగదిలోకి వెళ్ళలేదు, దర్జీని చెయ్యి చూడమనలేదు. ఆ గరుకులోనే నిలబడి విన్నాను, స్క్రూ ఒక్క పిసరు బయటికి తిప్పి వదిలేశాను. దుంగలోకి దింపాను. గొణుగుడు మానింది. పొట్టు ఆయన చొక్కా మీద పడింది. దుంగ రెండు ముక్కలయ్యేదాకా ఆపలేదు. నా మోచేతుల దాకా అదురు వచ్చింది. అప్పుడు తెలిసింది గువ్వా, వాడు ఏం వినేవాడో. ఆపాక కూడా చాలాసేపు చేతుల్లో ఉండిపోయింది. ఈసారి కళ్ళ వెంట కారినవి పొగ వల్ల కాదు. దర్జీ చూశాడు, రాస్తే రాసుకోమను.

హోటలాయన చొక్కా దులుపుకుని, "మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ఆయనకి నా మీద మనసు కరగలేదు, కరగక్కర్లేదు. ఊళ్ళో ముసలామెకి మతి పోయిందని చెబుతున్నాడట. చెప్పనీ.

బుధవారం చెట్లు కొట్టే ముఠా మేస్త్రి ఒక రంపం పట్టుకుని వచ్చాడు, షెడ్డు తెరిచి ఉందని చూసి. "అబ్బాయి లేడుగా, ఎవరు చేస్తారు" అన్నాడు. "నేను" అన్నాను. తల గోక్కున్నాడు. తీసుకుపోదామా వద్దా అని గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. చివరికి బల్ల మీద పెట్టి, "చూద్దాం" అని వెళ్ళాడు. నాకు ఆ చూద్దాం చాలు. కొత్త రంపమే, రబ్బరు ముక్కలది. చచ్చిన చేపే. అయినా చేస్తాను.

వాడు లేడు. ఇన్నాళ్ళకి ఆ మాట కాయితం మీద పెట్టాను, చెయ్యి ఆగలేదు. నన్ను ఎవరూ ఓదార్చక్కర్లేదు, పని చెప్పండి చాలు. నీ క్వార్టర్సుకి రాను. నువ్వు సెలవు పెట్టి వస్తే రా, నన్ను తీసుకుపోవడానికి కాదు, ముసలోడి గొలుసు మార్చాలి, ఇంకో మనిషి పట్టుకోవాలి. దర్జీకి అంత బలం లేదు.

నువ్వు చిక్కిపోయావని బస్టాండులోనే చూశాను. కడుపు నిండా తిను.

మీ అమ్మ